లేని తలుపుకు గొళ్లెం

ఆ బడి వార్షికోత్సవానికి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. శాలువా కప్పారు, టీ ఇచ్చారు, ముందు వరసలో కూర్చోబెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లల స్కిట్ మొదలైంది. కాటుకతో మీసం దిద్దుకున్న కుర్రాడొకడు లుంగీ ఎగ్గట్టి, థమ్సప్ పోసిన సీసా పట్టుకుని తూలుతూ వచ్చాడు. వాళ్లమ్మ చీర చుట్టుకున్న ఇంకో కుర్రాడు కంచం పెట్టాడు. కూరలో ఉప్పు ఎక్కువైంది. చెంప మీద ఒక్కటి. మైకు దగ్గరున్న పిల్లాడు నోటితో ‘ఢిష్యుం’ అన్నాడు. షామియానా కింద ఈలలే ఈలలు. పెద్దలు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఆఖర్లో ఎస్సై వేషగాడు వచ్చి తాగుడు మానమని ఉపన్యాసం ఇచ్చాడు. మొగుడు పెళ్లాం కాళ్ల మీద పడ్డాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని, నా దేవుడు మీరేనండీ అంది. అందరూ వరసగా నిలబడి దండం పెట్టారు. దానికి ఫస్టు ప్రైజు ఇచ్చింది నేనే.

కప్పు చేతిలో పెడుతూ మొగుడి వేషగాణ్ణి ఒక మాట అడిగాను. కొట్టే ముందు వాడు వెనక్కి తిరిగి, గాలిలో చెయ్యి పైకెత్తి ఏదో లాగాడు. అదేమిట్రా అన్నాను. ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు చూశాడు.

“గొళ్లెం పెట్టాను సార్. ముందు తలుపెయ్యాలి కదా.”

స్క్రిప్టులో తలుపు లేదు. వేదిక మీదా లేదు. రాసిన మాస్టారికి ఆ ఊహే రాలేదు. మరి పద్నాలుగేళ్ల కుర్రాడికి ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ తలుపు? నేను అడగలేదు. అప్పటికే మైకులో తర్వాతి డ్యాన్సు పేరు చదువుతున్నారు. వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ రోజు నుంచి నా మీద నాకున్న కోపమే ఈ వ్యాసం. అయితే ఆ కోపం నా ఒక్కడి దగ్గరే ఆగదు.

మొహమాటం లేకుండా చెబుతున్నాను. మన బళ్లలో గృహహింస మీద ఆడిస్తున్న స్కిట్లలో ఎక్కువ భాగం గృహహింసకు వ్యతిరేకం కావు. అవి దానికి రిహార్సల్సు. ఎవరు కొట్టాలో, ఎవరు తినాలో, ఎవరు నవ్వాలో, ఆఖరికి ఎవరు క్షమించాలో చిన్నప్పుడే చప్పట్లతో నేర్పి పంపుతున్నాం.

నవంబరు 25 వస్తుంది. మహిళలపై హింసా నిర్మూలన దినం. అక్కణ్ణుంచి డిసెంబరు 10, మానవ హక్కుల దినం దాకా పదహారు రోజులు. ఒక వ్యాసరచన, ఒక వక్తృత్వం, ఒక స్కిట్. ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే పని అయిపోయినట్టే. స్కిట్ రాయమని ఆ వారమే తెలుగు మాస్టారికి చెబుతారు. ఆయనకు ఏడు క్లాసులు, రెండు దిద్దుబాటు కట్టలు. ఆయన మాత్రం ఏం చేస్తాడు? టీవీలో చూసిన కామెడీని తెచ్చి, చివర నీతివాక్యం అతికిస్తాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆ స్కిట్ చూసి చప్పట్లు కొట్టే మనల్నే తిట్టుకోవాలి.

ముందు ఆ నవ్వు సంగతి తేల్చుకుందాం. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని మనకో సామెత ఉంది. తరతరాలుగా దాన్ని ఆడదాని అల్పత్వానికి గుర్తుగా వాడుకున్నాం. ఒకసారి సరిగ్గా వినండి. దెబ్బ ఒక మనిషి వేశాడు. నవ్విన తోడికోడలు ఆ దెబ్బకు ఊరి ముద్ర వేసింది. నీకు జరగాల్సిందే జరిగింది అని చెప్పింది. ఆ ఏడుపులో అల్పత్వం ఎక్కడుంది? షామియానా కింద ముందు వరసలో కూర్చున్న మేమంతా ఆ రోజు తోడికోడళ్లమే. దెబ్బలు తినే తల్లి ఉన్న పిల్లలు ఆ గుంపులో ఎందరున్నారో మాకు తెలీదు. మా నవ్వు మాత్రం వాళ్లందరికీ వినపడింది.

తెలుగు నాటకానికి నవ్వించడం కొత్త కాదు. 1892లో విజయనగరంలో గురజాడ కన్యాశుల్కం ఆడినప్పుడూ జనం నవ్వారు. అయితే ఆ నవ్వు ఎవరి మీద పడిందో చూడండి. పసిపిల్లను అమ్మే అగ్నిహోత్రావధాన్ల మీద, కాటికి కాళ్లు చాపి కొనుక్కునే లుబ్ధావధాన్ల మీద, నోటితో సంస్కరణ చేసే గిరీశం మీద పడింది. కూతురి పెళ్లి ఆపలేక నూతిలో దూకిన వెంకమ్మ మీద పడలేదు. గురజాడ కలం పట్టే ముందు లెక్క కూడా తెలుసుకున్నాడు. విశాఖ జిల్లాలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల జాబితా విజయనగరం మహారాజు తీయిస్తే మూడేళ్లలో 1,034 తేలాయి. ఐదేళ్ల పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఇదంతా తొలి ముద్రణ పీఠికలో ఆయనే రాశాడు. అంత బాధ గుండెలో పెట్టుకున్నవాడు కాబట్టే, నవ్వును కొట్టేవాడి వైపు తిప్పగలిగాడు. మన స్కిట్లు దాన్ని కొట్టించుకునేదాని వైపు తిప్పుతున్నాయి.

ఆడవేషం సంగతీ అంతే. రంగస్థల నటుడు స్థానం నరసింహారావు గారు చీర కట్టి చిత్రాంగిగా వస్తే సభ ఊపిరి బిగబట్టింది. ఎవరూ ఈల వేసి ఎగతాళి చేయలేదు. బళ్లలో మాత్రం చీర కట్టిన కుర్రాడు అడుగుపెట్టగానే నవ్వు మొదలవుతుంది. అంటే దెబ్బ పడకముందే ఆ భార్య పాత్ర జోకు అయిపోయింది. జోకును కొడితే నొప్పేముంది?

ఇక లెక్కలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21. పెళ్లయిన స్త్రీలలో భర్త చేతిలో హింస అనుభవించినవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 30, తెలంగాణలో సుమారు 37. ఇది చాలదన్నట్టు ఇంకో ప్రశ్న ఉంది. భర్త భార్యను కొట్టడం ఎప్పుడైనా న్యాయమేనా అని ఏడు సందర్భాలు చెప్పి అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం, ఎదురు మాట్లాడటం, ఇలాంటివి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్లలో నూటికి దాదాపు 84 మంది, కనీసం ఒక సందర్భంలోనైనా న్యాయమే అన్నారు. ఆడవాళ్లే అన్నారు! దేశం మొత్తం మీద చూస్తే, హింస అనుభవించిన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు.

ఈ 84 మంది ఎక్కడో అడవిలో పెరగలేదు. వీళ్లలో ఎంతో మంది మన బళ్లలో చదివినవాళ్లే, మన వార్షికోత్సవాల్లో చప్పట్లు కొట్టినవాళ్లే. కూరలో ఉప్పు ఎక్కువైతే చెంపదెబ్బ అని మన స్కిట్ చెప్పింది. వంట బాగా చేయకపోతే కొట్టడం న్యాయమేనా అని సర్వే అడిగింది. మనం చెప్పిన పాఠమే వాళ్లు అప్పజెప్పారు. అంతే.

మరి ఆ 77 మంది ఎందుకు నోరు విప్పలేదు? ఇంటి గుట్టు లంకకు చేటు అని మనం ఉగ్గుపాలతో పోశాం కనుక. ఈ సామెత ఎంత మంది ఆడవాళ్ల నోరు కుట్టిందో లెక్క ఎవరూ తీయలేదు. సరే, రామాయణం తెలిసిన ఊళ్లోనే అడుగుతున్నాను. లంక ఎందుకు కాలింది? విభీషణుడు గుట్టు విప్పినందుకా? పరాయి ఆడదాన్ని ఎత్తుకొచ్చి చెట్టు కింద బంధించినందుకా? రావణుడి తప్పును విభీషణుడి నోటికి అంటగట్టిన సామెత ఇది. ఇంట్లో కొట్టే చేతిని వదిలేసి, వీధిలో చెప్పే నోటిని తప్పుపట్టే ప్రతి పెద్దమనిషీ ఈ సామెతను పట్టుకునే తిరుగుతాడు. మన స్కిట్లలో ఎస్సై కూడా ఆ పెద్దమనిషే. యూనిఫాం ఒక్కటే తేడా. కేసు రాయడు. ఆమెను ఏం కావాలని అడగడు. ‘సర్దుకుపోమ్మా’ అంటాడు.

అసలు ఆ తాగుడు సీసా ఏమిటి? ప్రతి స్కిట్‌లోనూ ఆ సీసా ఉండాల్సిందేనా? తాగుడు కొంపలు ముంచుతుంది, నిజం. మన ఆడవాళ్లకు అది తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు లేచి సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించక తప్పలేదు. అక్షరాస్యత ఉద్యమంతో పాటే ఊరూరా కళాజాతలు తిరిగాయి. పాఠంలో, పాటలో, వీధి ఆటలో తమ బతుకే కనిపించేసరికి ఆడవాళ్లు కదిలారు. ఆట, పాట మనిషిని కదిలిస్తాయనడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు అక్కర్లేదు. కానీ ఆ సీసాను మన స్కిట్లు వాడుకునే తీరు వేరు. మనిషి మంచివాడే, మందు చెడ్డది అని తేల్చేస్తాయి. మరి చుక్క ముట్టని ఆఫీసరు, పూజ చేసి ప్రసాదం పంచే పెద్దాయన, సాఫ్ట్‌వేర్ అల్లుడు? పెళ్లాం జీతం ఏటీఎం కార్డు జేబులో పెట్టుకుని, ఆమె ఫోను రోజూ వెతికి, నలుగురిలో ‘దీనికి బుర్ర లేదు’ అనేవాడు? వాడికి తూలే నడక లేదు కాబట్టి స్కిట్‌లో చోటు లేదు.

చట్టంలో మాత్రం చోటుంది. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. శారీరక హింస, లైంగిక హింస, మాటలతో మనసును హింసించడం, డబ్బు దగ్గర కట్టడి చేయడం, నాలుగూ హింసే అంది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా ఆమెకు అందులో ఉండే హక్కుంది అంది. కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అంది. భార్యకే కాదు, తల్లికీ అక్కచెల్లెళ్లకీ కూతురికీ వర్తిస్తుంది. నాలుగో సెక్షన్ అయితే బడి గోడ మీద రాయాల్సిన మాట. హింస జరుగుతోందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా సరే ఈ చట్టం కింద నియమించే రక్షణాధికారికి చెప్పవచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ కేసూ నిలవదు. ఎవరైనా అంటే పక్కింటివాళ్లు, టీచరమ్మ, పాలుపోసే ఆవిడ. ఇన్నేళ్లలో నేను చూసిన ఏ స్కిట్‌లోనూ రక్షణాధికారి పాత్ర లేదు. యమధర్మరాజు ఉన్నాడు, చిత్రగుప్తుడున్నాడు. రక్షణాధికారి లేడు.

ఇక ఆ ముగింపు. కాళ్ల మీద పడటం, కళ్లు తుడుచుకోవడం, గ్రూపు ఫొటో. పడినవాడు మళ్లీ లేస్తాడని ఆ ఇళ్లలో పిల్లలకు బాగా తెలుసు. కొట్టడం, ఏడ్చి క్షమాపణ అడగడం, పూలూ మిఠాయీ తేవడం, మళ్లీ కొట్టడం. ఈ చక్రంలో మధ్య ముక్క కోసి, ఇదే శుభం అని మనం తెర దించుతున్నాం. వందేళ్ల కిందట కాళ్లకూరి నారాయణరావు ఇంతకంటే ధైర్యంగా రాశాడు. వరవిక్రయం నాటకంలో కాళింది కట్నం బేరానికి ప్రాణం తీసుకుంటే, చెల్లెలు కమల అదే వరుణ్ణి చేసుకుని, డబ్బిచ్చి కొన్నాం కనుక నువ్వే మా ఇంటికి రావాలంది. వ్యవహారం కోర్టు దాకా నడిచింది. కమల ముందు లెక్క తేల్చమంది, కాపురం ఆ తర్వాతే. ఆ కమల ఇప్పుడు మన బడి వేదిక ఎక్కితే, పిల్లలకు ఇలాంటివా నేర్పేది అని కరస్పాండెంటు గారు మైకు కట్టేయిస్తారు.

అయితే నాటకం మానేద్దామా? మానొద్దు. సరిగ్గా ఆడదాం.

1973లో పెరూ దేశంలో అక్షరాస్యత కార్యక్రమంలో పనిచేస్తున్న బ్రెజిల్ నాటకకర్త ఆగస్టో బోల్ దగ్గరికి ఒక చదువురాని ఇల్లాలు తన కథ తెచ్చింది. భర్త ఇంటి కాగితాలని చెప్పి దాచమన్నవి అతని ప్రియురాలి ఉత్తరాలని ఆమెకు తెలిసింది. రాత్రికి వాడు ఇంటికొస్తాడు. ఏం చేయాలి? అక్కడ నాటకం ఆపి జనాన్ని అడిగారు. ఒక్కొక్కరు చెప్పింది నటులు ఆడి చూపించారు. ఒక భారీ మనిషి, ఆవిడా ఇల్లాలే, నేను చెప్పింది ఇది కాదు అని విసుక్కుంది. అయితే నువ్వే రా అన్నాడు బోల్. ఆవిడ వేదికెక్కి చీపురు అందుకుని మొగుడి వేషగాణ్ణి ఉతికింది. చీపురే పరిష్కారమని నేను అనడం లేదు. కుర్చీలో మనిషి లేచి వేదిక ఎక్కింది, అదీ సంగతి. ఫోరం థియేటర్ అలా పుట్టింది. చెప్పేవాడు పక్కకు తప్పుకున్నాడు. పశ్చిమ బెంగాల్ పల్లెల్లో 1985లో పుట్టిన జనసంస్కృతి అనే బృందం ఇదే పద్ధతిలో ఇంటి లోపలి హింస మీద నాటకాలు ఆడుతోంది.

ఇది మన బడిలో ఎలా ఉంటుందో చెబుతాను. ఒక గోడ. అటు ఒక ఇల్లు, ఇటు ఒక ఇల్లు. అటువైపు ఏమీ కనిపించదు. కంచం విసిరిన చప్పుడు, గొళ్లెం పడిన చప్పుడు, ఒక కేక. అంతే. వేదిక మీద ఒక్క దెబ్బ కూడా పడకూడదు. ఇటు ఇంట్లో తండ్రి రిమోటు తీసి టీవీ సౌండు పెంచుతాడు. తల్లి కూర కలుపుతూనే ఉంటుంది. కొడుకు పుస్తకం మీంచి తలెత్తుతాడు. అక్కడ ఆపండి. ఇప్పుడు అడగండి: ఈ కుర్రాడు నువ్వైతే ఏం చేస్తావు?

ఒకడు వెళ్లి తలుపు బాదుతానంటాడు. రానివ్వండి, చేయనివ్వండి. అవతలివాడు తలుపు తీసి, మా ఇంటి విషయం నీకెందుకురా అంటాడు. వీడికి మాట రాదు. అదీ పాఠమే. ఇంకో పిల్ల లేస్తుంది. చిన్న గిన్నె పట్టుకెళ్లి, అత్తయ్యా, పెరుగు తోడుకోవాలి, కాస్త తోడు ఉందా అని అడుగుతుంది. తలుపు తెరుచుకుంటుంది, దెబ్బ ఆగుతుంది. లోపలి మనిషికి బయట ఒకరున్నారని తెలుస్తుంది. 2008లో బ్రేక్‌త్రూ సంస్థ ‘బెల్ బజావో’ అని దేశమంతా ప్రచారం చేసింది ఇదే ఉపాయాన్ని. మన భాషలో ఆ గిన్నెలో అడిగేదాని పేరే తోడు. మూడో పిల్లాడు మహిళల సాయానికి ఉన్న 181కి ఫోను చేస్తానంటాడు. చేయించండి. ఏం చెప్పాలి, చిరునామా ఎలా చెప్పాలి, వేదిక మీదే నేర్పండి. నాలుగో అమ్మాయి, మర్నాడు ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, ఏం చేయమంటారని ముందు ఆవిడనే అడుగుతానంటుంది. ఆ అమ్మాయికి ఇవ్వండి కప్పు.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. నాటకం గాయం మీద కట్టు విప్పుతుంది. విప్పి వదిలేస్తే అంతకన్నా పాపం లేదు. మీ ఇంట్లోనూ ఇంతేనా అని అందరి ముందు ఎవర్నీ అడగొద్దు. దెబ్బలు చూసిన పిల్లాణ్ణి, సహజంగా చేస్తాడని, కొట్టే వేషానికి ఎంచుకోవద్దు. నాటకం అయ్యాక నమ్మకమైన టీచరు ఒకరు ఒక గదిలో తలుపు తెరిచి కూర్చోవాలి. పిల్లల సాయానికి 1098 నంబరు బోర్డు మీద ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పిల్లాడు నోరు విప్పితే సాయంత్రానికల్లా తండ్రిని పిలిపించి, మీవాడు ఇలా అంటున్నాడండీ అని చెప్పే మహానుభావులు ఈ పనికి దూరంగా ఉండాలి. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించలేనివాడికి పిల్లల మధ్య పనిలేదు.

పిల్లలకు ఇవన్నీ ఎందుకండీ అంటారు. పిల్లలకు తెలీదనుకునేది మనమే. గొళ్లెం సంగతి నాకు చెప్పింది ఒక పిల్లాడు. సిలబస్ పూర్తి కావద్దా అంటారు. డ్యాన్సుల రిహార్సలుకు నెల రోజుల మధ్యాహ్నాలు దొరికిన బడికి దీనికి నాలుగు పీరియడ్లు దొరకవా? కాపురాలు కూలుస్తారా అంటారు. దెబ్బల మీద నిలబడ్డ కాపురం కూలడానికి మా స్కిట్ ఎందుకు? మగపిల్లల మీద కక్షా అంటారు. ఈ నాటకం అందరికన్నా ఎక్కువ కావాల్సింది ఆ కాటుక మీసం కుర్రాడికి. గొళ్లెం పెట్టడం వాడికి వచ్చేసింది. తీయడం నేర్పకుండా మనం పంపేస్తే, పదేళ్ల తర్వాత అసలు తలుపు దగ్గర నిలబడతాడు. అప్పుడు వాడి చేతిలో నేనిచ్చిన కప్పు ఉండదు.

హెడ్మాస్టర్లకు, తెలుగు మాస్టార్లకు, నాలాంటి శాలువా అతిథులకు ఒకటే మనవి. ఈసారి స్కిట్‌లో సీసా తీసేయండి. ఢిష్యుం తీసేయండి. కాళ్ల మీద పడే సీను తీసేయండి. గిన్నె పట్టుకుని తలుపు తట్టే ఒక మనిషిని రాయండి. రాయలేకపోతే ఆ స్కిట్ వేయకండి. వేస్తే నన్ను పిలవకండి. పిలిస్తే ప్రైజు ఇవ్వను.